సముద్రం గురించి మాట్లాడితే ఊరు అలిగింది

ప్రశ్న: గంజాం జిల్లా తీరంలోని ఒక తెలుగు మత్స్యకార గ్రామం నుంచి ఒక మహిళా వార్డు మెంబరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయవద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది. వాళ్ల ఊళ్లో సముద్రం వైపున్న మొదటి వరస ఇళ్లు కొన్నేళ్లుగా ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. మొన్నటి వానాకాలంలో పెద్ద కెరటాలకు ఇంకో నాలుగు ఇళ్లు పోయాయి. బరంపురం నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఫోన్లో వీడియో తీస్తూ అడిగితే, ఈమె కూలిన గోడల మధ్య నిలబడి, "ఇదంతా వాతావరణ మార్పే. పదేళ్లలో మా ఊరు ఉండదు. ప్రభుత్వానికి పట్టదు" అన్నారు. ఆ వీడియో లక్షల మంది చూశారు.

అక్కడి నుంచి తిప్పలు మొదలయ్యాయి. సోంపేట వైపు నుంచి మరిదికి కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. "మునిగిపోయే ఊరికి పిల్లనెవరిస్తారు" అన్నారట అవతలివాళ్లు. అత్తగారు మాట్లాడటం మానేశారు. ఊరి పెద్దలు "ఊరి పరువు బజారుకెక్కించావు" అంటున్నారు. "తప్పు ఓడరేవుది, వాతావరణం పేరు చెప్పి నువ్వు దాన్ని కాపాడుతున్నావు" అని కొందరు కుర్రాళ్లు తిడుతున్నారు. భర్త సర్కారు బడిలో మాస్టారు. ఆయన్ను పై అధికారి పిలిచి నోటిమాటగా హెచ్చరించారు. ఇంకొక అధికారి, "వీడియో తీసేయండి, కొత్త కాలనీ జాబితాలో మీవాళ్ల పేర్లు చూద్దాం" అన్నారు. ఇదే సమయంలో భువనేశ్వర్‌లో జరిగే ఒక వాతావరణ సదస్సులో మాట్లాడమని పిలుపు వచ్చింది. ఆమె అడిగినవి మూడు: నేను అన్నది నిజమేనా? వీడియో తీసేయాలా? సదస్సుకు వెళ్లాలా, లేక ఇకమీదట నోరు మూసుకుని నా పని చూసుకోవాలా?

జవాబు: అమ్మా, మొదటి ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగతా రెండూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. మీరన్నది సగం నిజం. మిగతా సగం సరిచేసుకుంటే మీ మాటను కొట్టిపారేయడం ఎవరికైనా కష్టమవుతుంది.

మన తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి గాలుల కాలంలో కెరటాలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును కొడతాయి. ప్రతి కెరటానికీ ఇసుక కొంచెం ఉత్తరానికి జరుగుతుంది. చలికాలంలో కొంత వెనక్కి వస్తుంది గానీ, ఏడాది మొత్తం మీద ఒడిశా తీరంలో ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అదీ లక్షల ఘనపు మీటర్లలో. ఈ దారికి అడ్డంగా సముద్రంలోకి రాళ్లగట్టు కడితే ఇసుక దానికి దక్షిణాన ఆగి పేరుకుంటుంది. ఉత్తరం పక్కకు రావలసిన ఇసుక రాదు, అక్కడ ఉన్నది మాత్రం పోతూనే ఉంటుంది. చెన్నైలో హార్బరు కట్టాక దక్షిణాన మెరీనా ఒడ్డు వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు కోసుకుపోయింది. పుదుచ్చేరిలో హార్బరు గట్లు వేశాక ఊరి ముందున్న ఇసుక ఒడ్డు దాదాపు మాయమైంది. అందుకే ముందు మీరు తేల్చుకోవలసింది ఒకటుంది. మీ ఊరు ఏ గట్టుకు, ఏ జెట్టీకి, ఏ నది మొగకు ఉత్తరాన ఉంది? ఎంత దూరంలో ఉంది? కోత మొదలైంది ఆ కట్టడానికి ముందా, తర్వాతా? ఈ చివరి దానికి జవాబు మీ ఊరి ముసలివాళ్ల దగ్గర దొరుకుతుంది. "ఫలానా వాళ్ల పెళ్లినాటికి అమ్మవారి గుడి ముందు ఎన్ని పడవలు పట్టేవి" అని అడగండి. ఏ సంవత్సరం అని అడిగితే చెప్పలేనివాళ్లు కూడా దీనికి ఖచ్చితంగా చెబుతారు.

నది మొగ సంగతీ ఇలాంటిదే. రుషికుల్య సముద్రంలో కలిసే చోటు స్థిరంగా ఉండదు, ఇసుక తిన్నె పెరిగేకొద్దీ మొగ జరుగుతుంది. ఆ పక్కనే ఉన్న పొదంపేటలో ఇళ్లు కూలి కుటుంబాలు వెనక్కి తరలిపోయిన సంగతి మీ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. పైన ఆనకట్టలు కట్టినా, నదిలో ఇసుక తవ్వినా సముద్రానికి చేరే ఇసుక తగ్గుతుంది. ఒడ్డుకు అదొక దెబ్బ.

మరి వాతావరణ మార్పు వాటా ఎంత? ప్రపంచం మొత్తం మీద సముద్ర మట్టం 1901 నుంచి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఆ పెరుగుదల వేగం పుంజుకుని, 2006–2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్లకు చేరింది. ఈ లెక్కన పదేళ్లకు నాలుగు సెంటీమీటర్లు. వేలెడంత కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ వాలు తక్కువున్న ఇసుక ఒడ్డున మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే ఒడ్డు అర మీటరు నుంచి మీటరు దాకా వెనక్కి జరగవచ్చని ఇంజనీర్ల స్థూల లెక్క. అంటే పదేళ్లకు రెండు నుంచి నాలుగు మీటర్లు. దీనికి తుపాన్ల సంగతి కలపండి. గత నలభై ఏళ్లలో ప్రపంచవ్యాప్తంగా వచ్చిన తుపాన్లలో తీవ్రమైనవాటి వంతు పెరిగి ఉండవచ్చని, అలా పెరిగే అవకాశమే ఎక్కువని ఐక్యరాజ్య సమితి వాతావరణ సంఘమైన ఐపీసీసీ శాస్త్రవేత్తలు 2021 నివేదికలో తేల్చారు. పైలిన్ లాంటి తుపాను వచ్చినప్పుడు ఉప్పెన పెరిగిన మట్టం మీద నుంచి లేస్తుంది కాబట్టి మునుపు చేరని గడప దాకా చేరుతుంది. ఒడ్డు నెలల తరబడి కొంచెం కొంచెంగా పోగొట్టుకునే ఇసుకను ఒక్క రాత్రి తుపాను లాక్కుపోగలదు.

కాబట్టి "ఇదంతా వాతావరణ మార్పే" అన్నది తప్పు. "వాతావరణ మార్పుకు సంబంధం లేదు, అంతా ఓడరేవే" అంటున్న కుర్రాళ్లదీ అంతే తప్పు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలతో దేశ తీరాన్ని కొలిచింది. 33.6 శాతం చోట్ల ఒడ్డు కోతకు గురవుతోంది, 26.9 శాతం చోట్ల ఇసుక చేరి పెరుగుతోంది. మట్టం తీరం పొడవునా పెరుగుతున్నా ఒకచోట ఒడ్డు తరుగుతూ ఇంకోచోట పెరుగుతోందంటే, స్థానిక కారణాలు ఎంత బలమైనవో చూడండి. ఆ స్థానిక కారణాలతో అప్పటికే బక్కచిక్కిన ఒడ్డునే వేడెక్కిన సముద్రం ముందుగా దెబ్బ తీస్తుంది. రెండూ కలిసి పనిచేస్తున్నాయి, దేని వాటా ఎంతో మీ ఊరి దగ్గర కొలిచినవాళ్లే చెప్పగలరు. మీరు అడగవలసింది ఆ కొలతే. "మా ఊరి దగ్గర దేని వాటా ఎంతో తేల్చి, మా భాషలో మాకు చెప్పండి" అని అడగండి. ఆ కుర్రాళ్లు కూడా మీ పక్కన నిలబడి అడగగలిగిన మాట ఇది.

"పదేళ్లలో ఊరు ఉండదు" అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోండి. ఆ జోస్యం చెప్పడానికి మీ దగ్గర కొలత లేదు. పదేళ్ల తర్వాత ఊరు ఉంటే మీరన్న మిగతా నిజాలూ అబద్ధాల్లో కలిసిపోతాయి. నేను చెప్పే ఇంకో కారణం దీనికంటే పెద్దది. ఊరు ఎలాగూ పోతుందని మీరే అంటే, ఇక్కడ రోడ్డు ఎందుకు, మంచినీళ్ల ట్యాంకు ఎందుకు, తుపాను షెల్టరుకు మరమ్మతు ఎందుకు అని ఆఫీసులో అడిగేవాళ్లకు మీ మాటే ఆధారమవుతుంది.

ఇక వీడియో. మీ ముందు మూడు దారులున్నాయి. తీసేయించవచ్చు. అలా చేస్తే మీవారి మీద ఒత్తిడి కొన్నాళ్లు తగ్గుతుంది. కానీ లక్షల మంది చూసినదానికి నకళ్లు ఎక్కడెక్కడో ఉంటాయి, పైగా "జాబితాలో పేర్ల కోసం అమ్ముడుపోయింది" అనే మాట పడుతుంది. ఉన్నది ఉన్నట్టు వదిలేయవచ్చు. అప్పుడు ఆ జోస్యం మీ పేరుమీద అలాగే ఉండిపోతుంది. మూడోది, మరో చిన్న వీడియో పెట్టి మొదటిదాన్ని సరిచేయడం. నా మొగ్గు దీనివైపే. నిమిషంన్నర చాలు. ఎప్పుడు, ఎవరి ఇళ్లు పోయాయో వాళ్ల అనుమతితో చెప్పండి. ఒడ్డు ఎంత వెనక్కి వచ్చిందో చెప్పండి. కారణాలు ఒకటికంటే ఎక్కువని, ముందు వీడియోలో పదేళ్లన్న మాట ఆవేశంలో వచ్చిందని చెప్పండి. చివర్న ఊరు ఏం అడుగుతోందో చెప్పి ఆపేయండి. "ప్రభుత్వానికి పట్టదు" అనే బదులు "ఫలానా తేదీన ఫలానా ఆఫీసులో అర్జీ ఇచ్చాం, ఇప్పటికి జవాబు రాలేదు" అనండి. ఆ రెండో వాక్యం అనాలంటే ముందు అర్జీ ఇచ్చి ఉండాలి. మీ ఉత్తరంలో ఎక్కడా అర్జీ ప్రస్తావన లేదు, నాకు బెంగగా అనిపించింది అదే.

అర్జీకి ముందు కొలత కావాలి. అది మీ స్వయం సహాయక సంఘం ఆడవాళ్లే చేయగలిగిన పని. సముద్రం నుంచి దూరంగా, కదలని గుర్తులు మూడు ఎంచుకోండి. బడి ప్రహరీ మూల, గుడి మెట్టు, బావి గట్టు ఇలాంటివి. కరెంటు స్తంభం వద్దు, దాన్ని మారుస్తారు. ఊరికి రెండు చివర్లా ఒకటి, మధ్యలో ఒకటి ఉండేలా చూసుకోండి. ప్రతి నెలా పున్నమి మర్నాడు, పోటు దిగాక, ఆ గుర్తు నుంచి సముద్రం వైపు తిన్నగా యాభై మీటర్ల టేపు పట్టండి. నీళ్ల అంచు దాకా కొలవకండి, అది నిమిష నిమిషానికీ మారుతుంది. పోటు వదిలి వెళ్లిన నాచు, పుల్లలు, గవ్వల చెత్త ఒక గీతలా ఉంటుంది. దాని దాకా కొలవండి. టేపు గాలికి వంపు తిరిగితే దూరం ఎక్కువ వస్తుంది, అందుకే ఇద్దరు గట్టిగా లాగి పట్టుకోవాలి, మూడోమనిషి చదవాలి. అదే చోట నిలబడి, బడి గోడ కనిపించేలా ప్రతిసారీ ఒకే కోణంలో ఫొటో తీయండి. నోటుపుస్తకంలో తేదీ, గంట, దూరం, కొలిచినవాళ్ల సంతకాలు రాయించండి.

ఇందులో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. వానాకాలపు కెరటాలు ఒడ్డు ఇసుకను లాగేస్తాయి, సముద్రం నెమ్మదించాక అందులో చాలావరకు తిరిగి వేస్తుంది. మేలో కొలిచి సెప్టెంబరుతో పోల్చి "ఇరవై మీటర్లు పోయింది" అంటే, ఏ ఇంజనీరైనా ఒక్క మాటతో మీ నోరు మూయిస్తాడు. ఈ ఏడాది మే కొలతను వచ్చే ఏడాది మే కొలతతో పోల్చండి. ఏడాది ఆగాలా అని మీకు అనిపించవచ్చు. ఆగనక్కర్లేదు, ఇప్పటికే కూలిన ఇళ్ల లెక్క ఈ వారమే రాయొచ్చు: ఇంటివాళ్ల పేరు, పట్టాలో ప్లాటు నంబరు, ఏ రోజు ఏ గోడ పడింది, పునాదికీ చెత్త గీతకూ మధ్య ఇప్పుడెంత దూరం, పోయిన వలలు, ఇంజను, సామాను.

ఆ రోజు తేదీ మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణముంది. విపత్తు సాయానికి కేంద్రం గుర్తించిన జాబితాలో తుపాను, వరద, కరువు, సునామీ వంటి విపత్తులున్నాయి. సముద్రపు కోత అందులో లేదు. "వాతావరణ మార్పు వల్ల ఇల్లు పోయింది" అని రాస్తే ఆ కాగితం ఏ పద్దులోనూ ఇమడదు. "ఫలానా తేదీన తుపాను సమయంలో ఇల్లు కూలింది" అన్నది నిజమైతే, ఆ నిజం అలాగే రాయండి, దానికి సాయం పద్దు ఉంది. తుపాను లేని రోజున, మామూలు పోటుకు కూలితే తుపాను అని అబద్ధం మాత్రం రాయొద్దు. ఆ రోజు వాతావరణ శాఖ రికార్డు తీస్తే మీ అర్జీ మొత్తం చెడుతుంది. అలా కూలిన ఇళ్లకు పునరావాసం అడగాలి. కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల ఇల్లు వదలాల్సినవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు కేటాయించాలని 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి సిఫారసు చేసింది. ఆ కింద మీ జిల్లా నుంచి ఏమైనా ప్రతిపాదన వెళ్లిందా అన్నది మీరు అడగదగిన ప్రశ్న.

అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఒడిశాలో అది ఫారం ‘ఎ’లో ఇవ్వాలి, పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. భాష దగ్గర జాగ్రత్తపడండి. ఈ దరఖాస్తు ఒడియాలోనో హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి, తెలుగులో రాస్తే తిప్పి పంపవచ్చు. మామూలు అర్జీ సంగతి వేరు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ పెట్టుకోవచ్చు. మీ ఊరివాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాసి సంతకాలు చేయించండి, ఒడియా ప్రతి ఒకటి జతచేయండి. టేబులు మీద చదివేది ఆ ఒడియా ప్రతినే. జిల్లా కేంద్రం ఛత్రపురంలో కలెక్టరు సోమవారాల్లో జరిపే ఉమ్మడి ఫిర్యాదుల విచారణలో ఇచ్చి రసీదు తీసుకోండి, రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైటు జన సుణాణిలోనూ నమోదు చేయించండి. రసీదు లేని అర్జీ ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

వీటన్నిటికంటే ముందు పల్లిసభ, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభ. మీరు మామూలు పౌరురాలే కాదు, వార్డు మెంబరు. ఏటా ఫిబ్రవరిలో జరిగే పల్లిసభలో కోత సంగతి చర్చకు పెట్టి తీర్మానం రాయించగల మనిషి. ఇతర సమయాల్లోనూ సభ పెట్టవచ్చు. కోరం ఎంతో పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరును ముందే అడిగి, అంతకు రెట్టింపు మందిని పిలవండి. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట రాయగడ, కలహండి జిల్లాల్లో నియంగిరి బాక్సైట్ గని మీద 12 పల్లిసభలు జరిగాయి. జడ్జిల సమక్షంలో అక్కడి గిరిజనులు ఒక్కొక్కరూ తమ మాటల్లో, తమ కొండ తమకు ఏమిటో చెప్పారు. పన్నెండు సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. మీ తీర్మానానికి అంత బలం ఉండదు, అక్కడ అటవీ హక్కుల చట్టం వెనక ఉంది. అయినా ఊరంతా వేలిముద్ర వేసిన తీర్మానం వచ్చాక "ఆ ఒక్క ఆడమనిషి ఏదో వాగింది" అనడం ఎవరికీ కుదరదు.

పేరున్నవాళ్లు మాట్లాడినప్పుడు దేశం తలతిప్పి చూస్తుంది. 2018లో స్వీడన్ పార్లమెంటు ముందు పదిహేనేళ్ల గ్రేటా థన్‌బర్గ్ ఒంటరిగా కూర్చుంది, ఆ మరుసటి ఏడాదికి లోకమంతా బడిపిల్లలు వీధుల్లోకి వచ్చారు. 2024 మార్చిలో లేహ్‌లో లద్దాఖ్ విద్యావేత్త సోనమ్ వాంగ్‌చుక్ 21 రోజులు ఉపవాసం చేస్తే హిమనీనదాల మాట దేశమంతా వినిపించింది. అది ఎంతో విలువైన పని. కానీ అలా ఒక్క ముఖం ముందుకొచ్చినప్పుడు జనం విషయం వదిలి మనిషి మీద పడతారు, వాళ్లిద్దరూ తిన్న తిట్లకు లెక్కలేదు. తట్టుకోవడానికి వాళ్ల వెనక లాయర్లు, విలేకరులు, వేల మంది మద్దతుదారులు ఉన్నారు. మీ వెనక ఉన్నది ఊరే. ఆ ఊరు ఇప్పుడు మీమీద అలిగింది. అందుకే ఊరిని ముందు పెట్టి మీరు పక్కన నిలబడమంటున్నాను. భయపడి వెనక్కి తగ్గమని దీని అర్థం కాదు.

మీవారి సంగతి. ఆయన ప్రభుత్వోద్యోగి కాబట్టి ప్రవర్తనా నియమావళి ఆయనకు వర్తిస్తుంది, ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించకూడదు. అది మీకు వర్తించదు. మీరు మాట్లాడినందుకు ఆయన్ను శిక్షించడానికి ఆధారం ఉండదు, ఆయన మీ వీడియోల్లో చేయి పెట్టనంతవరకు. ఆయన ఫోను నుంచి, ఆయన పేరుమీదున్న ఖాతా నుంచి ఏదీ పెట్టకండి. బడి ఆవరణలో తీయకండి, బడిపిల్లల్ని నిలబెట్టకండి. ఊరి అర్జీ ఆయన చేతిరాతలో ఉండకూడదు. పాఠ్యపుస్తకంలో ఉన్న భూతాపం పాఠం చెప్పడం మాత్రం ఆయన ఉద్యోగమే, దానికి వెనకాడనక్కర్లేదు. నోటిమాట హెచ్చరికకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వొద్దు. నోటీసు కాగితం మీద వస్తేనే, గడువులోపు, కాగితం మీదే జవాబివ్వాలి. ఈ లోపు ఏ రోజు ఎవరు ఏమన్నారో ఇంట్లో రాసిపెట్టుకోండి.

"వీడియో తీసేస్తే జాబితాలో పేర్లు" అన్న అధికారి దగ్గరకు ఒంటరిగా వెళ్లకండి. ఆ మాట పట్టుకుని గొడవ పెట్టుకోనూ వద్దు, సాక్ష్యం లేదు. జాబితా తయారీకి ఏ అర్హతలు పెట్టారు, ఎవరెవరి పేర్లున్నాయి అని సమాచార హక్కు కింద అడగండి. లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రకటించాలని ఆ చట్టం 4వ సెక్షనే చెబుతోంది. అర్హతల కాగితం బయటికి వచ్చాక పేరు తీసేయడం అంత తేలిక కాదు.

కొత్త కాలనీ అడిగేముందు ఊళ్లో ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోండి. రాళ్లగోడ కావాలనేవాళ్లు ఉంటారు, వెనక్కి వెళ్దామనేవాళ్లు ఉంటారు. గోడ కడితే మీ ఇళ్లు కొన్నాళ్లు నిలుస్తాయి. గోడ ముందున్న ఇసుక మాత్రం పలచబడుతుంది, పడవలు లాగే చోటు పోతుంది, కోత గోడ చివర నుంచి పక్క ఊరి మీదికి మళ్లుతుంది. ఆ పక్క ఊరు మీ వియ్యాలవారి ఊరే కావచ్చు. వెనక్కి తరలితే ప్రాణాలకు భద్రత, కానీ వలలు ఎండబెట్టే జాగా, చేపలు ఆరబెట్టే జాగా, పడవ దగ్గరికి తెల్లారుజామున నడిచే దూరం ముందే కాగితం మీద అడగకపోతే తర్వాత ఎవరూ ఇవ్వరు. పట్టా భార్యాభర్తలిద్దరి పేరుమీదా ఉండాలని రాయించండి. ఈ రెండింటికీ తోడుగా, మిగిలిన ఇసుక దిబ్బల మీది మొగలి పొదల్ని ఎవరూ నరకకుండా చూడండి. మీ జిల్లా మొగలికి పేరుపొందినది, ఆ వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి. దిబ్బ తవ్వి ఇసుక అమ్ముకునే ఇంటివాళ్లు ఊళ్లో ఉంటే, సభలో వాళ్ల పేరెత్తకుండా తీర్మానంలో తవ్వకం వద్దని రాయించడం మంచిది.

మీ వార్డులో ఇంకో పని ఉంది, మీరు మరచిపోకూడదు. 1998లో వడగాడ్పులకు ఒడిశాలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ లెక్క తేలాకే రాష్ట్రం ఎండలకు ముందస్తు ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఇప్పుడు వడదెబ్బ, పిడుగు, పడవ ప్రమాదం ఒడిశా గుర్తించిన రాష్ట్ర విపత్తుల్లో ఉన్నాయి, చనిపోయినవారి కుటుంబానికి నాలుగు లక్షల సాయం ఉంది. పోస్టుమార్టం, తహసీలు విచారణ లేకుండా దహనం చేసేస్తే అది రాదు. ఎండాకాలంలో వల లాగుతూ కూలబడ్డ మనిషిని "గుండె ఆగింది" అని తీసుకెళ్లిపోయే కుటుంబానికి ఆ గంటలో ఈ సంగతి చెప్పే మనిషి మీరే కావాలి. వాతావరణ మార్పు గురించి మాట్లాడటమంటే నా దృష్టిలో ఇది కూడా.

భువనేశ్వర్ సదస్సుకు వెళ్లవచ్చు, మానేయవచ్చు. వెళ్లకపోతే పెద్దగా పోయేదేమీ లేదు, మీ అర్జీ నడక దానిమీద ఆధారపడి లేదు. వెళ్లేట్టయితే ముందే ఫోన్లో కొన్ని అడగండి. రానుపోను ఖర్చు, రాత్రి బస ఎవరిది? తోడుగా ఇంకొకరు రావచ్చా? తెలుగులో మాట్లాడితే అనువదించేవాళ్లు ఉంటారా? ఎన్ని నిమిషాలు? ఫొటోలు, వీడియో ఎక్కడ వాడతారు, ముందు నాకు చూపిస్తారా? ఊరి పేరు చెప్పకుండా మాట్లాడవచ్చా? వీటికి సూటిగా జవాబు చెప్పనివాళ్ల దగ్గరికి వెళ్లకండి. "మీ బాధ చెప్పండి చాలు, అంకెలు మేం చూసుకుంటాం" అంటే ఒప్పుకోవద్దు. మీ నోటుపుస్తకం తీసుకెళ్లి, ఇది మేం కొలిచింది, ఇది మేం అడుగుతున్నది అని చెప్పండి. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పౌరుల హక్కేనని 2024లో బట్టమేకపిట్ట కేసులో సుప్రీంకోర్టు 14, 21 అధికరణాల కింద గుర్తించింది. ఆ తీర్పు మీ చేతికి డబ్బు ఇవ్వదు. అర్జీ చివరి పేరాలో ఆ ఒక్క వాక్యం ఉంటే, చదివే అధికారి కాస్త ఆగి చదువుతారు.

మీ అత్తగారి కోపం న్యాయమైనదే. కుదిరిన సంబంధం పోతే ఏ తల్లికైనా కడుపు మండుతుంది. ఆవిడకు వీడియో సంగతి వివరించబోకండి. "నేనన్న ఒక మాట ఎక్కువైంది, దాన్ని సరిచేస్తున్నాను" అని చెప్పి కొత్త వీడియో పెట్టకముందే ఆవిడకు చూపించండి. సోంపేట వాళ్లకు మీరు ఫోను చేయవద్దు, ఇంటి పెద్ద ఎవరైనా వెళ్లి మాట్లాడాలి. మీ ఇల్లు ఒడ్డుకు ఎంత దూరంలో ఉంది, కాలనీ మాట ఎంతవరకు వచ్చింది, తుపాను హెచ్చరిక వస్తే ఊరు ఎక్కడికి వెళ్తుంది అన్నవి ఉన్నదున్నట్టు చెప్పమనండి. ఇవన్నీ విన్నాక కూడా వద్దంటే అది వాళ్ల పిల్ల క్షేమం కోసం తీసుకున్న నిర్ణయం, తప్పుపట్టడానికి లేదు. పల్లిసభకు మాత్రం అత్తగారిని తప్పకుండా తీసుకెళ్లండి. గుడి ముందు ఎన్ని పడవలు పట్టేవో మీ ఇంట్లో ఆవిడకే బాగా తెలుసు. ఆ మాట ఆవిడ చెబుతుంటే కార్యదర్శి రాసుకోవాలి.